సభ్యత్వం పుచ్చుకోని లోవరాజు

నేను ముప్పై అయిదేళ్ళు ప్రభుత్వంలో పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఏ శాఖ అని అడక్కండి. మా శాఖ ఏం చేసేదో చివరిదాకా నాకూ స్పష్టంగా తెలియలేదు. ఒకటి మాత్రం చెప్పగలను. మా సెక్షన్లో ఒక్క కాగితం పోలేదు, ఒక్క కాగితం కదల్లేదు. శేషావతారం అంటే ఫైలు, ఫైలంటే శేషావతారం అని చుట్టుపక్కల నాలుగు మండలాల్లో పేరు.

రిటైరైన మూడో నెలలో మా ఆవిడ సుభద్ర నన్ను ఎదురుగా కూర్చోబెట్టింది.

"పోపులడబ్బాకి రిజిస్టరు పెట్టారు, ఊరుకున్నాను. పాలవాడిచేత రోజూ సంతకం పెట్టిస్తున్నారు, ఊరుకున్నాను. పొద్దున్న నేను వంకాయలు తెమ్మంటే రాతపూర్వకంగా అడగమన్నారు. ఇంక నావల్ల కాదండీ. మీరైనా ఎక్కడైనా ఉద్యోగం చూసుకోండి, లేదా నేనైనా చూసుకుంటాను" అంది.

ఆ వారమే తాతబ్బాయి గారి దగ్గర్నుంచి కబురొచ్చింది.

తాతబ్బాయి గారంటే మా సింగవరం జంక్షన్లో తెలియనివారు లేరు. ఊళ్ళో జేబులు, గొలుసులు, సైకిళ్ళు, పెళ్ళిళ్ళలో చెప్పులు, ఏది పోయినా ఆయన ముఠా చేతిమీదుగా పోవలసిందే. నలభై మూడు మంది మనుషులు. ఆయన ఈమధ్య జేబుల పనిమీద ఒక పెద్ద హోటల్లో జరిగే వ్యక్తిత్వ వికాస సదస్సుకి వెళ్ళి, వచ్చిన పని మర్చిపోయి, మూడుగంటల ఉపన్యాసం పూర్తిగా విని వచ్చారట. మనిషి పోతాడు, వ్యవస్థ మిగుల్తుంది అన్న ముక్క ఆయన్ని పట్టుకుని వదల్లేదు.

"ముఠా ముఠా అని ఎన్నాళ్ళండీ శేషావతారం గారూ? ఇనడానికే బాగోట్లేదండి. మనదీ ఓ సంస్థవ్వాలండి. రూల్సుండాలి, ఫారాలుండాలి, గంట కొడితే అందరూ వరసలో కూకోవాలి, ఆయ్. రేపు నేను పోయినా పని ఆగకూడదు" అన్నారు.

దొంగల దగ్గర ఉద్యోగమా అని ఒక్క క్షణం మనసు పీకింది. ఆయన వెనకాల కొత్త ఇనప బీరువా ఉంది. దాని నిండా ఫైళ్ళు. ఒక్కదాని మీదా నంబరు లేదు. ఆ దృశ్యం చూసి జేబులోంచి పెన్ను తీశాను. ఒప్పుకున్నాను.

మొదటి నెలలో ముఠా పేరు 'సింగవరం పరద్రవ్య సేకరణ సంఘం'గా మార్చాం. జేబుల విభాగం, గొలుసుల విభాగం, సైకిళ్ళ విభాగం, చెప్పుల విభాగం ఏర్పడ్డాయి. చెప్పులవాళ్ళు తమని చిన్నచూపు చూస్తున్నారని అలిగితే 'పాదరక్షల ప్రత్యేక విభాగం' అని మార్చాం, శాంతించారు. రెండో నెలలో ఒక్కొక్కరికీ సర్వీసు పుస్తకం తెరిచాను. ఫోటో, పుట్టుమచ్చలు, చిరునామా, ఇంతవరకు చేసిన పనుల వివరాలు, తేదీలతో సహా.

"అన్నీ రాయాలాండీ?" అని జేబుల అప్పన్న భయంభయంగా అడిగాడు.

"రాయకపోతే సీనియారిటీ పోతుంది" అన్నాను. అంతే, చెయ్యనివి కూడా రాసుకున్నారు.

మూడో నెలలో వేలిముద్రల హాజరు యంత్రం తెచ్చాం. పొద్దున్న పదింటికి వచ్చి బొటనవేలు ఆనిస్తే, అది ఆడగొంతుతో "అప్పన్న, జేబుల విభాగం, రెండో గ్రేడు, హాజరు" అంటుంది. అయిదింటికి మళ్ళీ ఆనించాలి. దొంగలచేత రోజుకి రెండుసార్లు వేలిముద్రలు వేయించడంలో ఇబ్బందేమైనా ఉంటుందేమోనని నలభై మూడు మందిలో ఒక్కడికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. యంత్రం పసుపుకుంకాలతో మిలమిలలాడుతోంది. అందరం చప్పట్లు కొట్టాం.

ఇక పని విధానం. ఇదివరకు ఎవడికి ఏది కనిపిస్తే అది లాక్కొచ్చేవాడు. అది అరాచకం. ఇప్పుడు ముందు ప్రతిపాదన పెట్టాలి. ఒకసారి గొలుసుల విభాగం వాళ్ళు కూరగాయల బజార్లో ఒక పెద్దావిడ మెళ్ళో నానుతాడు చూసి ప్రతిపాదన పంపారు. విభాగాధిపతి 'సిఫార్సు చేయడమైనది' అని రాశాడు. నేను 'సదరు ఆభరణము బంగారమా, గిల్టా స్పష్టపరచవలెను' అని తిప్పి పంపాను. వాళ్ళకి తోచింది ఒకటే దారి. ఆవిడ ఇంటికే వెళ్ళి అడిగొచ్చారు. బంగారమే అని ఆవిడ చెప్పిన జవాబు జతపరిచారు. మంజూరు ఉత్తర్వు వెలువడేసరికి ఆవిడ కూతురి పురిటికి వైజాగు వెళ్ళిపోయింది. మన పరిధి కాదు గనక ఫైలు మూసేశాం. అంత శుభ్రంగా మూసిన ఫైలు నా మొత్తం సర్వీసులోనే లేదు.

ఆ ఏడాది మొత్తంమీద సంఘంలో జరిగిన దొంగతనం ఒక్కటే. ఎవరో మా ఆఫీసు గోడగడియారం ఎత్తుకెళ్ళారు. అనుమతి లేకుండా చేసినందుకు సైకిళ్ళ విభాగం వాణ్ణొకణ్ణి సస్పెండు చేశాం. సభ్యుల ఇళ్ళలో పొయ్యి ఎలా వెలుగుతోందన్నది పాలనా విషయం కాదు గనక నేను విచారించలేదు.

ఇలా అంతా సలక్షణంగా ఉండగా పరద్రవ్య సేకరణ సంఘాల రాష్ట్ర సమాఖ్య నుంచి ఉత్తరం వచ్చింది. 'మీ సంఘమునకు గుర్తింపు మంజూరు చేయుటకు, మీ పరిధిలో సభ్యత్వము లేని దొంగలెవరును లేరని ధ్రువీకరించవలెను' అని. గుర్తింపు వస్తే గోడకి తగిలించుకునే ఇత్తడి ఫలకం ఇస్తారు. తాతబ్బాయి గారు అప్పటికే మేకు కొట్టించేశారు.

"మన ఊళ్ళో మిగిలింది ఒక్కడేనండి. లోవరాజు. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం. ఇరవై రెండేళ్ళనుంచి అక్కడే జేబులు కొడతన్నాడు. ఎవరికిందా చెయ్యడు, ఎవర్నీ తనకింద పెట్టుకోడు. ఉగాదిలోపు ఆడిచేత సభ్యత్వ ఫారం మీద ఏలిముద్ర ఏయించండి. ఏత్తే సరే. ఎయ్యకపోతే ఉగాది మర్నాటినించీ ఆడు ఆ ప్లాట్‌ఫారం మీద కాలెట్టడానికి లేదు. దాన్ని జేబుల విభాగానికి రాసిచ్చేత్తాను" అన్నారు ఆయన.

ఆ ప్లాట్‌ఫారం తప్ప లోవరాజుకి ఇంకో ఆధారం లేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఫైలు తెరిచాను.

మధ్యాహ్నం పాసింజరు వచ్చే వేళకి స్టేషన్‌కి వెళ్ళాను. సిమెంటు బెంచీ మీద సన్నగా, ఉతికిన తెల్లచొక్కా వేసుకుని ఒక యాభై ఏళ్ళ మనిషి కూర్చుని ఉన్నాడు. చూస్తే ఎలిమెంటరీ స్కూలు మేష్టారనుకుంటారు. పక్కన కూర్చుని నన్ను నేను పరిచయం చేసుకున్నాను.

"తెలుసండి. ఇదుగోండి మీ కళ్ళజోడు" అని నా కళ్ళజోడు నా చేతిలో పెట్టాడు. నా జేబులో ఉండవలసిన కళ్ళజోడు.

నేను గంభీరంగా సభ్యత్వం వల్ల కలిగే ప్రయోజనాలు చదివాను. నెలజీతం. పదిహేను ఆకస్మిక సెలవులు. విధి నిర్వహణలో ఉండగా ప్రజలచేత దెబ్బలు తింటే వైద్య సదుపాయం. మరణిస్తే కుటుంబంలో ఒకరికి కారుణ్య నియామకం.

"అంటే నేను పోతే మా ఆవిడ లచ్చిమికి జేబులు కొట్టే ఉజ్జోగం ఇత్తారాండీ?"

"అర్హత పరీక్ష ఉంటుంది."

"అదైతే పాసైపోద్దిలెండి. నా జేబు మీదే ఇరవయ్యేళ్ళు నేర్సుకుంది." నవ్వి, నా పర్సు నాకు తిరిగిచ్చాడు. "ఇది కింద పడిపోయిందండి" అన్నాడు మర్యాదకి.

"ఇక్కడ బొటనవేలు వేస్తే చాలు" అని ఫారం, సిరాపెట్టె ముందుకు జరిపాను.

లోవరాజు తన చేతుల్ని ఒడిలోకి లాక్కున్నాడు. "ఈ లైన్లో నా ఏలు తగలని జేబు లేదండి బాబుగారూ. కాయితం మీద మాత్రం ఒక్కటీ లేదు. ఇన్నాళ్ళూ బతికిందే అందువల్లండి." ఫారంకేసి చూసి, "చేరాక మానెయ్యాలంటే ఎలాగండీ?" అని అడిగాడు.

"నిబంధన ఇరవై ఏడు. అరవై ఏళ్ళు నిండేదాకా రాజీనామా అంగీకరించబడదు."

ఇంతలో పాసింజరు వచ్చింది. జనం దిగారు, ఎక్కారు. ఆశ్చర్యంగా లోవరాజు బెంచీ మీంచి కదల్లేదు.

"నేను పొద్దున్న గుమ్మం దిగేటప్పుడు మా లచ్చిమితో ఓ మాట చెప్తానండి. 'ఇయ్యాలే ఆఖరు, రేప్పొద్దున్నించి మానేత్తాను' అని. ఇరవై రెండేళ్ళనించి చెప్తన్నాను. అదీ నమ్మదు, నేనూ నమ్మను. కానీ చెప్పడం మాన్లేదండి. మీ ఫారం మీద ఏలేత్తే ఇంక ఆ మాట అనుకోడానికి కూడా ఉండదు కదండీ. నేను చేసేది తప్పని నాకు తెలుసండి. మీవోళ్ళకి అది డ్యూటీ అయిపోయింది. తప్పుని ఎప్పుడన్నా మానుకోవచ్చు. డ్యూటీని ఎలా మానతారండీ?"

నేను ఫైలులో 'అభ్యర్థి వ్యక్తిగత కారణాలచే నిరాకరించినాడు' అని రాశాను. ఇంటికెళ్ళాక చూసుకుంటే పెన్ను లేదు. మర్నాడు పోస్టులో వచ్చింది.

తాతబ్బాయి గారు పట్టు వదల్లేదు. ఒకసారి ఆఫీసుకొచ్చి మా వ్యవస్థ చూస్తే మనసు మారుతుందని కబురంపారు. లోవరాజు వచ్చాడు. సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టందే లోపలికి రానివ్వనన్నాను. పెట్టనన్నాడు. వరండాలో నిలబడి కిటికీలోంచి చూశాడు.

నలభై మూడు మందీ వరసగా కుర్చీల్లో కూర్చుని పెండింగు వివరాల పట్టిక పూరిస్తున్నారు. సరిగ్గా అప్పుడే ఒక ధాన్యం వ్యాపారి, భారీ మనిషి, రిజిస్ట్రారు ఆఫీసనుకుని లోపలికి వచ్చేశాడు. పైపంచెతో చెమట తుడుచుకుంటుంటే ఆయన సంచీ జారి, నేల మీద పడి, నోరు తెరుచుకుంది. గదిలో పెన్నులన్నీ ఒక్కసారి ఆగాయి. తాతబ్బాయి గారి కుడిచేతి వేళ్ళు వాటంతటవే సంచీ వైపు సాగాయి. ఆయన నావైపు చూశారు. ప్రతిపాదన లేదు, మంజూరు లేదు. నేను తల అడ్డంగా ఊపాను.

ఆయన కళ్ళు మూసుకున్నారు. అప్పన్న లేచి, సంచీ తీసి, దులిపి, వ్యాపారికి అందించి, అందినట్టు రసీదు పుచ్చుకున్నాడు.

"ఈ రోజుల్లో కూడా ఇలాంటి మర్యాదస్తులున్నారా నాయనా! చల్లగా ఉండండి" అని దీవించి వెళ్ళిపోయాడాయన.

బయట లోవరాజు పొట్ట పట్టుకుని గోడకి జారగిలబడి నవ్వుతున్నాడు. నవ్వు ఆపి కిటికీ దగ్గరకొచ్చాడు. "తాతబ్బాయి గారూ, తీర్థంలో జనం మద్దిన తమరు నడిచెల్తే మనిషి జేబులో జేబురుమాలు మడత కూడా చెదిరేది కాదంటారండి. ఆ ఏళ్ళని ఇలా చేసేరేటండీ మీరు?"

తాతబ్బాయి గారికి తల కొట్టేసినట్టయింది. లోవరాజు వెళ్ళిపోయాక చాలాసేపు తన వేళ్ళకేసి చూసుకున్నారు. తర్వాత కోపం వచ్చింది. తుది నోటీసు ఇమ్మన్నారు.

నోటీసు అందజెయ్యడానికి ఆరుగురితో కమిటీ వేశాను. కమిటీ స్టేషన్ దాకా వెళ్ళి ఆగిపోయింది. లోపలికెళ్ళాలంటే ప్లాట్‌ఫారం టికెట్లు కొనాలి. ఆ పద్దు మా బడ్జెట్లో లేదు. టికెట్ లేకుండా వెళ్ళడం నేరం, సంఘం నేరాన్ని ప్రోత్సహించదు. నాలుగు రోజులు ఆరుగురూ గేటు బయట నిలబడ్డారు. అయిదోరోజున లోవరాజే జాలిపడి బయటికొచ్చి నోటీసు చదివించుకున్నాడు. ఉగాదికి ముందొచ్చే సోమవారం పదకొండు గంటలకి తుది విచారణ. వేలిముద్ర వెయ్యాలి, లేదా ప్లాట్‌ఫారం ఖాళీ చెయ్యాలి.

"అంతేనాండీ? ఇంకో దారి లేదాండీ?" అని అడిగాడట. నోటీసు అందాక రెండ్రోజులు బెంచీ మీద కూర్చుని వచ్చేపోయే రైళ్ళని చూస్తూ ఉండిపోయాడని, ఎవరి జేబులోనూ చెయ్యి పెట్టలేదని కమిటీ నివేదికలో ఉంది. రెండుసార్లు చదివాను. నివేదిక మీద 'చూడబడినది' అని రాసి పక్కన పెట్టాను.

శనివారం నాడు హాజరు యంత్రం పాడైంది. వేలు పెడితే అందరినీ "గుర్తించబడలేదు" అంటోంది. నలభై మూడు మందికి ఒకేసారి జీతం కోత పడుతుందని కంగారుపడి దాన్ని బాగుచేసే కొట్టుకి పంపాను. అదేరోజు టౌన్ పోలీసు స్టేషన్లో హాజరు యంత్రం కూడా పాడై అదే కొట్టుకి వచ్చింది. రెండూ ఒకే రకం, ఒకే రంగు. ఆదివారం సాయంత్రం బాగుచేసి ఎవరివి వాళ్ళకి పంపించామనుకున్నారు కొట్టువాళ్ళు.

సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి టౌన్ సి.ఐ. గారు తన స్టేషన్లో బొటనవేలు ఆనించారు. యంత్రం "గుర్తించబడలేదు" అంది. ఆయన పళ్ళు కొరికి, పక్కనున్న మీట నొక్కి పేర్ల జాబితా తెరిచారు. అది ఆడగొంతుతో, ఒక్కొక్క ముఖం చూపిస్తూ చదవడం మొదలుపెట్టింది. "అప్పన్న, జేబుల విభాగం, రెండో గ్రేడు. సింహాద్రి, గొలుసుల విభాగం, మొదటి గ్రేడు..." నలభై మూడు పేర్లు, నలభై మూడు ముఖాలు, ఎనభై ఆరు బొటనవేళ్ళు. కిందనే ఆఫీసు చిరునామా, పనివేళలు.

సి.ఐ. గారికి వెతకవలసిన పనే లేకపోయింది. పదీ అయిదుకి వ్యానులు వచ్చాయి. ఒక ముఠా మొత్తం, ఒకే గదిలో, సరిగ్గా వేళకి, సీనియారిటీ ప్రకారం వరసలో కూర్చుని దొరకడం ఆయన సర్వీసులో ఎన్నడూ చూడలేదట. సర్వీసు పుస్తకాలు తిరగేస్తుంటే ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "ఎవరండీ ఇవి రాసింది? పేజీ నంబర్లు కూడా వేశారే!" అన్నారు. నేను లేచి నిలబడ్డాను. ఉన్నమాట చెప్పొద్దూ, పట్టుబడ్డానన్న భయం కంటే పని గుర్తించారన్న సంతోషమే ఎక్కువగా కలిగింది. నాకు దొంగతనం చేసే అధికారం నిబంధనల్లోనే లేదు గనక నన్ను సాక్షిగా రాసుకున్నారు.

పదకొండింటి విచారణకని బయల్దేరిన లోవరాజు దారిలో ఎదురుపడ్డ వ్యాన్లలో తెలిసిన ముఖాలు చూసి, అట్నుంచి అటే రైల్వే స్టేషన్‌కి వెళ్ళిపోయి తన బెంచీ మీద కూర్చున్నాడు. వ్యవస్థ మొత్తం పోయింది, ప్లాట్‌ఫారం మిగిలింది.

నెల తర్వాత సబ్‌జైలుకి తాతబ్బాయి గారిని చూడ్డానికి వెళ్ళాను. తిడతారేమోనని బెంగగానే వెళ్ళాను. ఆయన ఒళ్ళు చేశారు.

"అబ్బే, బానే ఉందండి. గంట కొడతారు, వరసలో నిలబడతాం, లెక్కెడతారు. మనోళ్ళకి ఏవీ తేడా తెలీట్లేదు. పైగా ఇక్కడ ఆదివారం కోడిగుడ్డు, మంచిగా ఉంటే ముందే వదిలేత్తారంట. మన సంఘంలో అలాంటి రూలు ఎందుకెట్టలేదండీ?" అన్నారు.

ఆ రూలు నా పుస్తకంలో రాసుకుని బయటికొచ్చాను.

ఆ సాయంత్రమే సి.ఐ. గారు పిలిపించారు. మనిషి దిగాలుగా ఉన్నారు. "శేషావతారం గారూ, ప్రస్తుత త్రైమాసికంలో మన పరిధిలో ఆస్తి సంబంధిత నేరములు శూన్యముగా నమోదైనవి. ఇది ఆందోళనకర పరిణామము. నేరము లేనిచోట స్టేషన్ ఎందుకను ప్రశ్న పైస్థాయిలో ఉత్పన్నమగు ప్రమాదమున్నది. అందుబాటులో ఉన్న ఏకైక దొంగను మనము తక్షణమే క్రమబద్ధీకరించవలసియున్నది" అన్నారు.

'గుర్తింపు పొందిన నేరస్తుడు' అనే ఫారం నన్నే తయారుచెయ్యమన్నారు. నెలకి మూడు కేసులు ఇవ్వాలి. బదులుగా ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద ఎవరూ అతన్ని కదపరు. నాకు గౌరవ సలహాదారు హోదా, ఒక కుర్చీ. ఫారం ఎంతో ముచ్చటగా కుదిరింది. మర్నాడు మధ్యాహ్నం అది పట్టుకుని రైల్వే స్టేషన్‌కి వెళ్ళాను.

లోవరాజు బెంచీ మీద లేడు. పార్సిలు ఆఫీసు మెట్ల మీద ఒళ్ళో ప్లాస్టిక్ సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. ముఖం వాడిపోయింది. నేను చెప్పిందంతా విన్నాడు.

"మానేశానండి" అన్నాడు.

"ఎప్పుడు?"

"ఇరవై రోజులైందండి. నలభై మూడు మంది ఉన్నప్పుడు నేనెవరి కంటికీ ఆనేవోణ్ణి కాదండి. ఇప్పుడీ ఊరి దొంగంటే నేనొక్కణ్ణే. జనం నన్ను చూసే జేబు పట్టుకుంటన్నారు. అదీ ఓ ఉజ్జోగంలాగే అనిపించిందండి. లచ్చిమికి ఆ మాట చెప్పి బయల్దేరి, గేటు దాకా వచ్చి, ఎనక్కెళ్ళిపోయాను. అది నమ్మక, జొరం వచ్చిందేమోనని నా నుదురు చూసిందండి."

లచ్చిమి మరమరాలతో పిడతకింద పప్పు బ్రహ్మాండంగా కలుపుతుందట. ప్లాట్‌ఫారం మీద బుట్ట పెట్టుకుని అమ్ముకుందామని లైసెన్సుకి వెళ్ళాడు. సంచీలోంచి కాగితాలు తీసి మెట్టు మీద పరిచాడు.

"ఇరవై రెండేళ్ళు దొంగతనం చేశానండి. ఒక్క కాయితం అడిగినోడు లేడు. మానేత్తానంటే పదకొండు అడుగుతున్నారు. రేషన్ కార్డు, ఆరోగ్యం సర్టిఫికెట్టు, ఫోటోలు... పది తెచ్చేశానండి. ఏలిముద్ర కూడా ఏసేశాను, ఇదుగోండి, జీవితంలో మొదటిది." కాగితం అంచున నల్లటి బొటనవేలి గుర్తు. దాని మీద చెయ్యి పెట్టి సిరా చెదిరిందేమోనని చూసుకున్నాడు. "పదకొండోది మంచి నడవడిక సర్టిఫికెట్టండి. నన్ను అయిదేళ్ళుగా ఎరిగున్న గెజిటెడ్ ఆఫీసరు రాసివ్వాలంట. నన్ను ఎరిగున్న ఆఫీసర్లందరి దగ్గరికీ ఎల్లానండి. నన్ను చూడగానే జేబులు తడుముకుంటన్నారు తప్ప ఎవరూ పెన్ను తియ్యట్లేదు. ఇయ్యాల అయిదింటికల్లా ఇవ్వకపోతే ఆ చోటు ఇంకోళ్ళకి ఇచ్చేత్తారండి."

స్టేషన్ గడియారంలో నాలుగు దాటింది.

నా చేతిలో ఉన్న ఫారం మీద అతను వేలు వేస్తే అయిదు నిమిషాల్లో ప్లాట్‌ఫారం అతనిది. దొంగగా. లోవరాజు కూడా ఆ ఫారంకేసే చూస్తున్నాడు. ఇరవై రెండేళ్ళు నలభై మూడు మందికి లొంగనివాడు, ఒక్క కాగితం దొరక్క లొంగిపోయేటట్టున్నాడు. నెమ్మదిగా బొటనవేలు చొక్కాకి తుడుచుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఎవరిమీదో తెలియదు. బహుశా నామీదే అయివుంటుంది. అలాంటి ఫారాలు నేను జీవితమంతా తయారుచేశాను.

"ఇక్కడే ఉండు" అని లేచి, స్టేషన్ ఎదురుగా ఉన్న పుస్తకాల కొట్టుకి వెళ్ళాను. ఒక తెల్లకాగితం, ఒక ఆకుపచ్చ సిరా పెన్ను కొన్నాను. ఆకుపచ్చ సిరా గెజిటెడ్ అధికారులది. ఆ హోదా వస్తుందని సర్వీసంతా ఎదురుచూశాను, రాలేదు. కొట్టు బల్లమీదే కాగితం పెట్టుకుని రాశాను. 'లోవరాజు అను ఇతనిని నేను గత అయిదు సంవత్సరములుగా స్వయముగా ఎరుగుదును. ఇతని నడవడిక ఉత్తమమైనది.' కింద లేని హోదా రాసి, ఎవరికీ అర్థం కాకుండా, పెద్ద ఆఫీసర్లు పెట్టేటట్టు ఒక దొంగసంతకం గిలికాను. ప్రతిపాదన లేదు, సిఫార్సు లేదు, మంజూరు లేదు, ఫైలు నంబరు లేదు, నాతోపాటు ఇంకొకడు లేడు.

లైసెన్సు గుమాస్తా పేరు చదవలేదు, హోదా చదవలేదు. రంగు చూశాడు, ముద్ర కొట్టేశాడు.

మర్నాడు సాయంత్రం లచ్చిమి బుట్ట సర్దుకుని కూర్చుంది. లోవరాజు ఉల్లిపాయలు, మామిడికాయ ముక్కలు, కారం, మరమరాలు కలుపుతుంటే ఆ వేళ్ళ వేగానికి ప్రయాణికులు రైలెక్కడం మర్చిపోయి చూస్తున్నారు. నాకు మొదటి పొట్లం ఇచ్చాడు. దగ్గరికి వంగి, "తప్పు కదండీ బాబుగారూ, మీరు చేసింది?" అన్నాడు గుసగుసగా.

"తప్పే" అన్నాను. చెప్పొద్దూ, ముప్పై అయిదేళ్ళలో అంత హాయిగా ఎప్పుడూ లేదు.

ఇంతలో ఫోను మోగింది. సి.ఐ. గారు. "ఏమైందండీ? ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద దొంగ దొరికాడా?" అని అడిగారు.

"లేదండి. ఇక్కడ దొంగలెవరూ లేరు" అన్నాను. అప్పుడు నేను ప్లాట్‌ఫారం మధ్యలో నిలబడి పిడతకింద పప్పు తింటున్నాను.